మూడున్నర వేళ్లు

గంట్ల సన్యాసిరావు ఆ ఆదివారం ఉదయం ముక్కాం నుంచి రుషికొండ వరకు పదకొండు మందిని పలకరించాడు. పదకొండు మందీ బదులు పలికారు. ఏడు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు అతని ఎర్ర బండి రుషికొండ టీ కొట్టుకు ఎదురుగా, ఎప్పుడూ ఆగే చోటనే, రెండు గీతల మధ్య ఆగింది. కొట్టు నడిపే నరసమ్మ గ్లాసు పట్టుకెళ్లి అద్దం మీద కొట్టింది. రెండోసారి కొట్టింది. లోపలి మనిషి అప్పటికే పోయాడు.

మెదడులో రక్తనాళం చిట్లిందని డాక్టర్లు చెప్పారు. ఏ నిమిషాన పోయాడో చెప్పలేకపోయారు. బండి ఆగాకే పోయాడని అందరూ అనుకున్నారు. అలా అనుకోవడానికి కారణం ఉంది. దారి పొడవునా చెయ్యెత్తుతూనే వచ్చాడు కదా.

అలా అనుకోని మనిషి ఒక్కతే, అతని మేనకోడలు ప్రవల్లిక. ఆ చెయ్యిని తయారుచేసింది ఆమే.

విశాఖ తీరం రోడ్డు మీద రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు నడిపేవాళ్లు అరవై మంది దాకా ఉంటారు. క్లబ్బు అని చెప్పుకుంటారు గాని దానికి ఆఫీసు లేదు, అధ్యక్షుడు లేడు. ఆదివారం పొద్దున కొందరు ఈ కొస నుంచి, కొందరు ఆ కొస నుంచి బయల్దేరతారు. గుంపుగా వెళ్లరు. ఒకే వైపు వెళ్తే ఒకరి మొహం ఒకరికి కనబడదు. ఎదురుపడటానికే కదా రావడం. ఎదురుపడినప్పుడు కుడిచేతి బొటనవేలు స్టీరింగు మీదే ఉంచి మిగతా నాలుగు వేళ్లు ఎత్తాలి. హారన్ కొట్టకూడదు. లైటు వెయ్యకూడదు. టాపు, అంటే బండి పైకప్పు, దించుకుని వచ్చేవాళ్లు ముందు ఎత్తాలి.

ఇంకో నియమం ఉంది. దాన్ని పెట్టింది సన్యాసిరావే. ఎత్తిన చేతికి బదులు రాకపోతే, ఎత్తిన మనిషి మొదటి మలుపులోనే బండి తిప్పి, వెనకబడి, పక్కకు ఆపించి, "ఏటి సంగతి?" అని అడగాలి. ఇరవై రెండేళ్ల కిందట ఒక సభ్యుడికి బండి నడుపుతుండగా షుగర్ పడిపోయింది. ఎదురొచ్చిన ముగ్గురికి అతను చెయ్యెత్తలేదు. పొగరనుకుని ముగ్గురూ వెళ్లిపోయారు. నాలుగో మైలులో బండి సరుగుడు తోటలోకి దూసుకుపోయింది. ఆ ముగ్గురిలో సన్యాసిరావు ఒకడు.

అతనికి ముక్కాంలో రొయ్యపిల్లల హేచరీ ఉండేది. "పేరు సన్యాసి, బండి చూస్తే సంసారికి చోటు లేనిది" అని క్లబ్బులో స్నేహితుడు పొట్నూరి జగన్నాథం ఏడిపించేవాడు. "సంసారికి చోటుంది బావా, సంసారానికే లేదు" అనేవాడు సన్యాసిరావు. పంపు బెల్టులో పడి అతని చిటికెన వేలు సగం తెగిపోయింది. అందుకే అతను ఎత్తితే నాలుగు వేళ్లు కాదు, మూడున్నర. అర కిలోమీటరు దూరం నుంచే ఆ చెయ్యి ఎవరిదో తెలిసేది.

పదకొండేళ్ల వయసులో ప్రవల్లిక ఆ బండి రెండో సీట్లో కూర్చుని ఎన్ని చేతులు లేచాయో లెక్కపెట్టేది. ముప్పై ఆరేళ్ల వయసులో ఆమె రుషికొండ మీద ఒక ప్రయోగశాలలో, బండ్లను వాటంతట అవే నడిచేలా చేసే యంత్రాల మీద పని చేస్తోంది.

మూడేళ్ల కిందట సన్యాసిరావు కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఏడాదికల్లా స్టీరింగు తిప్పడం కష్టమైంది. బండి అమ్మనన్నాడు. ప్రవల్లిక దానికి స్వయంగా నడిపే యంత్రం బిగించింది. ఎండ లోపలి కెమెరాల కళ్లలో పడకుండా ముందు అద్దానికి ముదురు పూత వేయాల్సి వచ్చింది. దాంతో బయటి నుంచి చూసేవాళ్లకు డ్రైవరు నీడ తప్ప చెయ్యి కనబడదు. కనబడినా అది వణుకుతోంది.

రెండో ఆదివారానికే అతను ప్రయోగశాలకు వచ్చాడు.

"ఏటే అమ్మీ, నాను బతికే ఉన్నానని పెతి ఆదివారం సంతకం పెట్టాలేటి?" అన్నాడు. "ఐదుగురు ఎనక్కొచ్చి ఆపించినారు. ఆ జగన్నాథం గాడు రెండుపాలు ఆపినాడు. పింఛనోళ్లు నయం, ఆళ్లకి ఏడాదికి ఓపాలే."

"నీ రూలే కదా మావయ్యా."

"నాదే. నా మీదికే వత్తాదని అప్పుడు తెల్దు."

అందరికీ ఇది నవ్వులాట. అతనికి కాదు. వెనక్కొచ్చిన ఐదుగురూ మాట్లాడుతున్నంతసేపూ తన చేతినే చూశారని తర్వాత అత్తతో చెప్పాడట. అత్త నూకరత్నం ఆ మాట ప్రవల్లికకు ఫోనులో చెప్పింది.

ప్రవల్లిక ఆరు రోజులు పని చేసింది. స్టీరింగు చుట్టూ ఒత్తిడిని కొలిచే పట్టీ చుట్టింది. ముందు అద్దానికి కుడివైపు అడుగున అరచేతి వెడల్పు పొర అంటించింది. వెలిగితే ఆ పొర మీద చేతి నీడ కనిపిస్తుంది. సన్యాసిరావు పాత వీడియోలన్నీ యంత్రానికి చూపించింది. బొటనవేలు ఆనించడం, మూడు వేళ్లు కలిసి లేవడం, చిటికెన వేలి మొదలు వాటి వెనక కాస్త ఆలస్యంగా లేవడం, అన్నీ అది నేర్చుకుంది. ఎదురుగా రెండు సీట్ల బండి కనబడితే పొర వెలుగుతుంది. మనిషి తానే వేళ్లెత్తితే ఆ వేళ్లనే వణుకు తీసేసి చూపుతుంది. ఎత్తకపోతే తాను నేర్చుకున్న చెయ్యిని ఎత్తుతుంది.

మొదట దానికి ఇంకో కెమెరా ఉండేది. మనిషి కళ్లు మూసుకుని ఉంటే పొర వెలగకూడదని ఆమె పెట్టిన కెమెరా అది. మూడో ఆదివారం సన్యాసిరావు మంగమారిపేట దగ్గర కునుకు తీశాడు. మళ్లీ ఇద్దరు వెనక్కి వచ్చారు.

"పడుకున్నోణ్ణి లేపి బాగున్నావా అంటే ఏటి సెప్పాలే?" అన్నాడు. "అది తీసెయ్."

ఆమె తీసేసింది. నలభై నిమిషాల పని.

ఆ తర్వాత ఎవరూ వెనక్కి రాలేదు. టీ కొట్టు దగ్గర జగన్నాథం, "నీ చెయ్యి కుదురుకున్నాదిరా" అన్నాడు. సన్యాసిరావు పొర సంగతి బయటపెట్టకుండా గ్లాసు రెండు చేతులతో పట్టుకుని టీ తాగాడు. ప్రయోగశాల అధిపతి ఫణీంద్ర ఆ పొరను చూసి, చేతులు సరిగా పని చెయ్యని వాళ్లందరికీ ఇది ఉపయోగపడుతుందన్నాడు. ఏడాదిలో రెండు వందల పద్నాలుగు బండ్లకు పరీక్ష కోసం అమర్చారు. అందులో ఇరవై మూడు ఈ క్లబ్బువే. అద్దం నల్లబడిన వాళ్లు, మోచెయ్యి నొప్పి వాళ్లు, ఫోను చూసుకుంటూ కూర్చునే వాళ్లు కూడా పెట్టించుకున్నారు. మూడున్నర వేళ్లు మాత్రం సన్యాసిరావు సొంత చెయ్యేనని వాళ్లూ నమ్మారు.

పన్నెండో రోజున ముక్కాం ఇంటికి క్లబ్బు వాళ్లు వచ్చారు. పదకొండు మందిలో తొమ్మిది మంది వచ్చారు. ఒక్కొక్కరూ నూకరత్నం దగ్గర కూర్చుని తమకు ఎక్కడ ఎదురుపడ్డాడో చెప్పారు. డాక్టర్ తాహెరా ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరు. సన్యాసిరావు బండి నడపడం నేర్పిన వాళ్లలో ఆమె ఒకరు.

"నాకు భీమిలి దాటాక కనిపించారమ్మా" అందామె. "చెయ్యి మామూలుగానే ఎత్తారు. ఏమాత్రం తేడా ఉన్నా తిప్పేదాన్ని."

"పదకొండు మందికీ సెప్పే ఎల్లినాడు" అంది నూకరత్నం. ఆ మాట ఆమె వచ్చిన ప్రతి ఒక్కరితోనూ అంటోంది. అన్న ప్రతిసారీ కాస్త నిటారుగా కూర్చుంటోంది.

ప్రవల్లిక వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. బండి యంత్రంలో ప్రతి ప్రయాణం నమోదవుతుంది. ముప్పయ్యో రోజున దానంతట అదే చెరిగిపోతుంది. ఆమె ఇంకా తెరిచి చూడలేదు.

ఇరవై ఒకటో రోజున తెరిచింది.

మొదటి మూడు పలకరింపులు సన్యాసిరావు స్వయంగా చేసినవే. ఆరూ యాభై నాలుగుకు లోపలి మైకులో మాట తడబడింది. తర్వాత మాట లేదు, శబ్దమే ఉంది. ఆరూ యాభై ఆరు నుంచి బండి లోపలి తెర మీది ఎర్ర మీటను పద్నాలుగుసార్లు తాకాడు. సహాయం పిలవాలంటే ఆ మీట మీద వేలు మూడు సెకన్లు కదలకుండా ఉంచాలి. పొరపాటున తగిలితే మోగకూడదని అలా పెట్టారు. పద్నాలుగు సార్లలో ఒక్కటీ ఒక సెకను దాటలేదు.

ఆ తర్వాత చెయ్యి స్టీరింగు మీదికి తిరిగి వచ్చింది.

నాలుగో బండి ఎదురైనప్పుడు ఒత్తిడి పట్టీ మీద కుడిచేతి వేళ్లు నాలుగూ బిగిశాయి. బండి దాటిపోయాక సడలాయి. మొదట ఆమెకు అర్థం కాలేదు. నొప్పి వల్ల అనుకుంది. ఐదో బండి వచ్చినప్పుడు మళ్లీ బిగిశాయి, దాటాక సడలాయి. ఆరో బండికీ అంతే. ఏడో బండి తాహెరాది, ఏడు గంటల ఏడు నిమిషాలకు. అప్పుడు పిడికిలి అంతకుముందు మూడు సార్లకన్నా గట్టిగా బిగిసింది. బండి దాటిపోయాక కూడా పదకొండు సెకన్లు అలాగే ఉంది.

ప్రయాణాన్ని నమోదు చేసే ఇంకో లోపలి కెమెరాలో అతని కళ్లు తెరిచే ఉన్నాయి. ప్రతి బండినీ చూశాయి.

ప్రవల్లిక కుర్చీలో వెనక్కి జారగిలబడింది. ఎత్తలేకపోవడం వేరు, ఎత్తకపోవడం వేరు. నోరు పోయింది, మీట పలకలేదు, ఇక మిగిలింది అతను పెట్టిన నియమమే. చెయ్యెత్తకపోతే వెనక్కి వస్తారు. నలుగురికి చెయ్యెత్తలేదు. నాలుగుసార్లూ ఆ పిడికిలికి ఎదురుగా అద్దం మీద మూడున్నర వేళ్లు లేచాయి. నలుగురూ బదులు ఎత్తి వెళ్లిపోయారు.

ఎనిమిదో బండి నుంచి పట్టీ మీద ఒత్తిడి లేదు. పొర మాత్రం నాలుగుసార్లు వెలిగింది.

ఆమె ఆ నమోదును కాగితాల మీద తీసి ఫణీంద్ర ముందు పెట్టింది. అతను రెండుసార్లు చదివాడు.

"కళ్ల కెమెరా మళ్లీ పెడదాం" అన్నాడు.

"కళ్లు తెరిచే ఉన్నాయి సార్. మెలకువగానే ఉన్నారు."

"గుండె, ఊపిరి కూడా కొలుద్దాం. తేడా ఉంటే వెలగదు."

"బాగానే ఉండి చెయ్యెత్తబుద్ధి కాని మనిషిని ఏం కొలిచి పట్టుకుంటాం? ఇంట్లో గొడవపడి వచ్చినవాణ్ణి? చెయ్యెత్తకపోవడం కూడా ఒక మాటే సార్. ఆ మాట ఎవరూ వినకుండా మనం చేశాం."

ఫణీంద్ర కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "రెండు వందల మంది ఉత్తరాలు రాశారు ప్రవల్లికా. మళ్లీ రోడ్డెక్కామని రాశారు. వాళ్లకేం చెప్తావు?" ఆమె కాగితాలు వెనక్కి తీసుకుంది. అతను అన్నాడు, "ఈ నమోదును ఎవరూ అడగలేదు. తొమ్మిది రోజుల్లో చెరిగిపోతుంది. ఉంచమని నేను చెప్పను. చెరిపెయ్యమనీ చెప్పను."

ఆ సాయంత్రం ఆమె ముక్కాం వెళ్లింది. నూకరత్నం హేచరీ గట్టు మీద కూర్చుని ఉంది. తొట్లు ఖాళీ చేసి నాలుగేళ్లయింది. ప్రవల్లిక పక్కన కూర్చుని మొదటి నుంచి చెప్పింది. పిడికిలి దగ్గరికి వచ్చేసరికి తన చెయ్యి ముడిచి చూపించాల్సి వచ్చింది.

నూకరత్నం చాలాసేపు ఆ పిడికిలిని చూసింది.

"నాలుగుపాలు సెప్పినాడన్నమాట" అంది.

"చెప్పాడత్తా."

"నోరు పోయినా సెప్పినాడు. నీ బొమ్మ ఇననీలేదు."

ప్రవల్లిక తల వంచుకుంది. సంజాయిషీ చెప్పుకోవడానికి ఆమెకు ఒక మాట ఉంది: ఆ కెమెరా తీసెయ్యమన్నది మావయ్యే. ఆ మాట ఆమె అనలేదు.

"నాను ఊరందరికీ సెప్పుకున్నాను, నవ్వుకుంటా ఎల్లినాడని" అంది నూకరత్నం. పైట చెంగుతో మోకాళ్ల మీది ఇసుక దులుపుకుంది. "నాకెందుకు సెప్పినావే? ఊరుకుంటే నీకూ బాగున్ను, నాకూ బాగున్ను."

"ఇంకా రెండు వందల బండ్లున్నాయి అత్తా."

సముద్రం వైపు నుంచి ఒక పడవ మోటారు శబ్దం వచ్చి ఆగిపోయింది.

"ఆళ్లకీ సెప్పు. బేగి సెప్పు" అంది నూకరత్నం. "ఆయన మాట నాలుగుపాలు ఎవులూ ఇనలేదు. ఐదోపాలైనా ఇనాల."

ఆ రాత్రే ప్రవల్లిక రెండు వందల పద్నాలుగు పొరలనూ ఆపేస్తూ ఆదేశం పంపింది. కారణం ఒక్క పేజీలో రాసి, నమోదైన కాగితాలు జతచేసి, ఫణీంద్రకూ పైవాళ్లకూ పంపింది. తన పేరు కింద, మెలకువ కెమెరాను తీసేసింది కూడా తానేనని రాసింది.

మరుసటి ఆదివారం తొమ్మిదింటికి టీ కొట్టు దగ్గర ముప్పై మంది దాకా ఉన్నారు. ఆమె నిలబడి చెప్పింది. కాగితం చూడలేదు. ఏ బండి ఏ నిమిషాన ఎదురైందో ఆమెకు కంఠతా వచ్చు.

"నాలుగోవాణ్ణి నేనే" అన్నాడు జగన్నాథం. చేతిలో గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "మూడున్నర చూసి నవ్వుకున్నాను కూడాను. సన్యాసి ఈ వేళ హుషారుగా ఉన్నాడ్రా అనుకున్నాను."

తాహెరా గుంపులో వెనక నిలబడి ఉంది. "ఏడో బండి?" అంది.

"మీదే డాక్టరుగారూ."

"టైము?"

"ఏడూ ఏడు."

తాహెరా పెదవులు కదిలాయి. లెక్క వేసుకుంటోందని ప్రవల్లికకు తెలిసింది. "అక్కడి నుంచి మా ఆసుపత్రి ఇరవై నిమిషాలు" అంది తాహెరా. "బతికేవారని అనను. కానీ ఇరవై నిమిషాలే." తాళంచెవి తీసుకుని తన నీలం బండి ఎక్కింది. బయటికి తిప్పుతుంటే అందరూ వేళ్లెత్తారు. ఆమె ఎత్తలేదు. ఎవరూ వెనక వెళ్లలేదు. సంగతేమిటో అందరికీ తెలుసు.

కొంతసేపటికి జగన్నాథం నరసమ్మను నీళ్ల బకెట్టు అడిగి తెచ్చుకుని తన అద్దం మీద కూడా ఉన్న పొరను గోటితో లేపడం మొదలుపెట్టాడు. ఇంకొందరు లేచారు. ఒకాయన మాత్రం కదల్లేదు. అతని భార్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి లేవదు. పొర వచ్చాకే ఆమె మళ్లీ బండి ఎక్కింది.

"మరి మా ఆవిడ సంగతేంటి?" అన్నాడు.

"ఆపి అడుగుతాం" అన్నాడు జగన్నాథం.

"ప్రతి ఆదివారమా?"

"ప్రతి ఆదివారం."

"ఆవిడకి చిరాకు."

"సన్యాసిక్కూడా చిరాకే" అన్నాడు జగన్నాథం, గోరు ఆపకుండా.

ఆ వారమంతా ప్రవల్లిక ఎర్ర బండి దగ్గరే ఉంది. నడిపే యంత్రం విప్పేసింది. అద్దం మీది పూత గీకేసింది. స్టీరింగు పట్టీ తీసేసరికి కింద పాత తోలు కనబడింది. బొటనవేలు ఆనిన చోట అరిగిపోయి ఉంది.

ఆదివారం ఆరూ నలభైకి ముక్కాంలో బయల్దేరింది. టాపు దించింది కనుక ముందు తానే ఎత్తాలి. మొదటి బండికి ఎత్తింది. బదులు వచ్చింది. రెండోది, మూడోది. జగన్నాథం తన బండిలోంచి వేళ్లెత్తి, దాటిపోయేదాకా దించలేదు. భీమిలి దగ్గర పడింది. రోడ్డుకు ఒక పక్క సరుగుడు తోట, ఇంకో పక్క ఇసుక.

నీలం బండి ఎదురొచ్చింది.

ఎత్తాలనే అనుకుంది ప్రవల్లిక. వారం నుంచీ అనుకుంటూనే ఉంది. వేళ్లు స్టీరింగు చుట్టూ బిగిసిపోయి ఉన్నాయి. తాహెరా వేళ్లు నాలుగూ లేచాయి. ప్రవల్లిక వాటిని చూసింది. చూస్తూనే దాటిపోయింది. చెయ్యెత్తలేదు.

పక్క అద్దంలో నీలం బండి చిన్నదవుతూ వెళ్లి తోట మలుపులో కనబడకుండా పోయింది. అక్కణ్నుంచి వెనక్కి తిరిగే చోటు ఆరు వందల మీటర్లు. ఆమె బండి నెమ్మది చేసింది. అద్దంలో రోడ్డు ఖాళీగా ఉంది. ఒక ఆటో వచ్చింది. చేపల బుట్టలతో ఒక మోపెడ్ వచ్చింది. మళ్లీ ఖాళీ.

తర్వాత మలుపులో నీలం కనబడింది.

ప్రవల్లిక పక్కకు తీసి ఆపింది. తాహెరా వెనక ఆపి, దిగి, నడిచి వచ్చి తలుపు మీద చెయ్యి వేసింది. ఆమె కళ్ల కింద వాచి ఉంది. వారం రోజులుగా సరిగా నిద్రపోయినట్టు లేదు.

"ఏటి సంగతి?" అంది.

"బాగోలేదు" అంది ప్రవల్లిక.

తాహెరా అటువైపు తిరిగి వెళ్లి రెండో సీటు తలుపు తీసింది.